ముప్పై మూడు సీసాల బూజు

ఆయన అసలు పేరు ఆఫీసు రికార్డుల్లో ఉండే ఉంటుంది. బజారులో మాత్రం అందరికీ లక్కాయన. ముప్పై ఒక్క ఏళ్ళు ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఏ హోటలుకు వెళ్ళినా తిన్నగా వంటింట్లోకి నడిచి, అనుమానం వచ్చిన గిన్నె మూత తీసి, వాసన చూసి, అందులోంచి మూడు సీసాలు నింపి, మూతల మీద ఎర్రటి లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర గుద్ది మరీ బయటికొచ్చేవాడు. ఆయన వీధి మొగలో కనిపిస్తే చాలు, నిన్నటి కూరలన్నీ పెరటి దారి పట్టేవి.

మూడు సీసాలు ఎందుకంటే ఒకటి పరీక్షశాలకు, ఒకటి హోటలు యజమానికి, ఒకటి ఆఫీసు బీరువాకు. రేపెవరైనా సీసా మార్చేశారని గొడవపడితే మిగిలిన రెండూ సాక్ష్యం చెబుతాయి. ప్రతి సీసాకీ ఒక సాక్షి సంతకం ఉండాలి. కేసు తేలేదాకా ఏ సీసానీ పారెయ్యకూడదు. ఈ నియమాలు ఆయనకు ఒంట్లో నెత్తురులా కలిసిపోయాయి. లంచం ఎరగడు, మొహమాటం అసలే ఎరగడు. చుట్టాలు భోజనానికి పిలిస్తే కంచం ముందు కూర్చునేలోపు వాళ్ళ వంటిల్లు చుట్టబెట్టి వచ్చేవాడు. కొన్నాళ్ళకు చుట్టాలు పిలవడం మానేశారు. ఆయనేమీ నొచ్చుకోలేదు. ఆదివారాలు కలిసొచ్చాయనుకున్నాడు.

ఇన్ని వంటిళ్ళు చూసినవాడు బయట తింటాడా? సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బయట పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పొద్దున్నే భార్య కట్టిచ్చిన డబ్బా పట్టుకెళ్ళడం, మధ్యాహ్నం తన బల్ల దగ్గరే తినడం, డబ్బా కడుక్కుని సంచిలో పెట్టుకోవడం. అంతే.

రిటైరయ్యాక కథ అడ్డం తిరిగింది. సాయంత్రాలు పార్కు బెంచీ మీద ఇంకో ముగ్గురు రిటైరైనవాళ్ళతో కబుర్లకు అలవాటుపడ్డాడు. ఆ పార్కు గేటు దగ్గర ఒక బండి ఉంది. దాన్ని సర్వీసులో ఉండగా ఆయనే రెండుసార్లు మూయించాడు. ఒకరోజు మిత్రులు మరీ బలవంతం చేస్తే వేడివేడి బంగాళాదుంప వేపుడు ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. పరీక్ష కోసమేనని ముందే చెప్పాడు. మర్నాడు పరీక్షకు రెండు ముక్కలు కావలసి వచ్చాయి. నెల తిరిగేసరికి బండివాడు ఆయన్ని అల్లంత దూరాన చూసి పెద్ద పొట్లం ఒకటి విడిగా కట్టడం మొదలుపెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళ ఆకలి కదా, ఓ పట్టాన తీరదు. ఏడింటికి ఇల్లు చేరేసరికి పొట్ట బిగిసిపోయి ఉండేది.

ఇక ఆయన భార్య సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ ఒక డబ్బా కట్టిన చేతులకు ఒక్కసారిగా పని లేకుండా పోయింది. పక్క వీధిలో కళ్ళజోళ్ళు తయారుచేసే కంపెనీ ఉంది. అందులో పనిచేసే అమ్మాయి ఒకతి వీళ్ళ మేడ మీద గదిలో అద్దెకుండేది. జ్వరమొచ్చి పడుకుంటే ఆవిడ నాలుగు రోజులు అన్నం పంపింది. జ్వరం తగ్గాక కూడా ఆ అమ్మాయికి మధ్యాహ్నం అదే వంట కావాలనిపించింది. పక్క సీటు అమ్మాయికీ కావాలనిపించింది. అలా ఒక డబ్బా పోయి ఇరవై రెండు డబ్బాలయ్యాయి. ఖాళీ డబ్బాలతో పాటు చిన్న చిన్న చీటీలు వచ్చేవి. ఇవాళ చిక్కుడుగింజల కూర అదిరిందని, రేపు కూడా అదే చెయ్యమని. ఆవిడ ఆ చీటీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకుంది. యాభై ఆరేళ్ళు వచ్చాక జీవితంలో మొదటిసారి ఆవిడ వంటకు ఎవరో మెచ్చుకోలు రాసి పంపారు. మొగుడుగారి మెచ్చుకోలంటే ఒకే ఒక్క మాట, లోపమేమీ లేదని.

కథంతా వాళ్ళింటి ఫ్రిజ్‌లో మొదలైంది. ఒక మధ్యాహ్నం లక్కాయన మోకాలి నొప్పికి పెట్టుకుందామని చల్లటి నీళ్ళ సీసా వెతుక్కుంటూ కింది అర వెనక్కి చెయ్యి పెట్టాడు. చేతికి ఒక స్టీలు డబ్బా తగిలింది. మూత తీశాడు. లోపల ఒకప్పుడు గుమ్మడికాయ కూర అయి ఉండవచ్చు. ఇప్పుడు మాత్రం పైన తెల్లటి నూగు, మధ్యలో ఆకుపచ్చ, అంచుల్లో నల్లటి చుక్కలు. పిల్లి పిల్ల ముడుచుకుని పడుకున్నట్టుంది.

ఇంకెవరైనా అయితే ముక్కు మూసుకుని పారేస్తారు. లక్కాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రిటైరై మూడేళ్ళయింది. మూడేళ్ళుగా చేతులు దురదపెడుతున్నాయి. అటక మీంచి పాత తోలు సంచి దింపి, లక్క, ముద్ర, చిన్న సీసాలు, లేబుళ్ళు బయటికి తీశాడు. కేసు నంబరు ఒకటి. పదార్థం, గుమ్మడికాయ కూర. రంగు ఫలానా, వాసన ఫలానా. మూడు సీసాలు నింపాడు. సాక్షిగా కింది వాటాలో ఉండే మరదలిని పిలిచాడు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఏం రాశారో చూడకుండానే సంతకం పెట్టేసి, ఈ పని కోసమైతే మెట్లెక్కించకండి బావగారూ, బుట్ట కిందికి దించండి, అందులో కాగితం పెడితే సంతకం చేసి పంపిస్తాను అంది.

చిక్కల్లా సీసాల దగ్గర వచ్చింది. ఇంట్లో పరీక్షశాల లేదు కాబట్టి మొదటి సీసా ఫ్రిజ్‌లో పెట్టాడు. రెండోది యజమానికివ్వాలి. వంటింటికి యజమాని భార్యే కదా, ఆవిడ చేత రసీదు రాయించుకుని ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అదే ఫ్రిజ్‌లో పెట్టింది. ఆఫీసు బీరువా లేదు కాబట్టి మూడోదీ అక్కడికే చేరింది. ఒక్క డబ్బాగా ఉన్న బూజు మూడు సీసాలయి, లక్క టోపీలు పెట్టుకుని, ఉన్నచోటికే తిరిగొచ్చింది.

తరవాత వారానికొకటి చొప్పున కేసులు దొరికాయి. టమాటా సూపు. చేపల కూర. ఉడికించిన గుడ్లు రెండు, అవి ఏ రంగులో ఉన్నాయో లేబుల్ మీద రాయడానికి ఆయనకు ముప్పావుగంట పట్టింది. పైనుంచి చూస్తే శుభ్రంగా కనిపించి కిందినుంచి చూస్తే అడవిలా ఉన్న రొట్టె ముక్క. మూడు నెలల్లో పదకొండు కేసులు, ముప్పై మూడు సీసాలు. పాల ప్యాకెట్లకు చోటు లేక ఆవిడ వాటిని నీళ్ళ గిన్నెలో పెట్టుకోవలసి వచ్చింది. పారెయ్యమని చాలాసార్లు చెప్పింది. తుది నివేదిక రాయకుండా సాక్ష్యం ఎలా పారేస్తానని ఆయన. ఆవిడ అంతకుమించి పట్టించుకోలేదు. పొద్దుటినుంచి ఇరవై రెండు డబ్బాలతో తీరిక లేదు, పైగా ఆయనకూ ఓ వ్యాపకం దొరికింది, పోనీలే అనుకుంది.

తుది నివేదికలో ఆయనకు తేల్చాల్సింది ఒక్కటే. ఈ కూరలన్నీ మర్చిపోతున్నది ఎవరు? చిత్తుప్రతిలో ఒక మాట రాసి కూడా పెట్టుకున్నాడు. గృహిణి అజాగ్రత్త. ఎంతైనా కట్టుకున్న భార్య కదా అని ఆ మాట పెన్సిలుతో రాశాడు.

ఇంతలో కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇళ్ళల్లో వండి అమ్మేవాళ్ళు వచ్చే నెల ఒకటో తేదీనుంచి ప్రతి డబ్బా మూత మీద రిజిస్ట్రేషన్ నంబరు అతికించాలి. నంబరు లేని డబ్బా గేటు దాటనివ్వలేమని కళ్ళజోళ్ళ కంపెనీ మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ఆవిడ దరఖాస్తు పెట్టుకుంది. గురువారం పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వస్తారని కబురొచ్చింది. బుధవారం సాయంత్రం ఆవిడ మొగుడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుని మాట్లాడటం ఆవిడకు అలవాటు లేదు కాబట్టి ఆయన పేపరు మడిచి కింద పెట్టాడు.

"ఏమండీ, ఇన్నేళ్ళలో మిమ్మల్ని నేను ఏదీ అడగలేదు. ఈ నంబరు నాక్కావాలి. రాకపోతే మళ్ళీ మనిద్దరికీ కాస్త కూర వండుకుని గోడలు చూస్తూ కూర్చోవాలి. అలా నేను కూర్చోలేను. ఆ సీసాలు తీసెయ్యండి."

ఆయన వెంటనే లేచి, ఆవిడ కళ్ళెదుటే ముప్పై మూడు సీసాలూ అట్టపెట్టెలోకి ఎక్కించాడు. ఆవిడ నిశ్చింతగా మర్నాటి కూరగాయలు బయటికి తీసి తరుక్కుంది.

ఆయన మనసులో మాత్రం ఇంకో లెక్క నడుస్తోంది. రాబోయే ఇన్‌స్పెక్టరు ఎవరో కాదు, మూడేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. సీసా ఎలా పట్టుకోవాలో, లక్క ఎంత వేడిమీద పొయ్యాలో ఆయనే నేర్పాడు. అలాంటి అమ్మాయి వచ్చి ఖాళీ ఫ్రిజ్ చూస్తే ఏమంటుంది? అందరి ఇళ్ళలాగే ఉందంటుంది. అదే తన లోపాలు తానే పట్టుకుని, సీలు వేసి, నంబర్లిచ్చి పెట్టుకున్న వంటిల్లు కనిపిస్తే? సర్వీసు మొత్తంలో అలాంటి వంటిల్లు ఆయన ఒక్కటీ చూడలేదు. చూసుంటే చేతులెత్తి నమస్కారం పెట్టి ఉండేవాడు. నంబరేమిటి, ప్రశంసాపత్రం కూడా ఇప్పించి ఉండేవాడు. భార్యకు చెబితే అర్థం కాదు, చేసి చూపించాలి అనుకున్నాడు.

గురువారం పొద్దున వంట ముగించి ఆవిడ స్నానానికి వెళ్ళగానే సీసాలన్నీ తిరిగి ఫ్రిజ్‌లోకి ఎక్కించాడు. ఈసారి వెనక దాచలేదు. కేసు నంబర్ల వరసన ముందుకు పేర్చి, లేబుళ్ళు కనబడేలా తిప్పి, పాతబడ్డ మూతల మీద కొత్త లక్క పోశాడు. స్కూల్లో ఫొటోకు నిలబెట్టిన పిల్లల్లా పొట్టివి ముందు, పొడుగువి వెనక. తలుపు మూసి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ పదకొండుకు ఒక నిమిషం ముందే వచ్చింది. గురువుగారికి నమస్కారం పెట్టింది. కాఫీ వద్దంది, తనిఖీకి వచ్చినచోట ఏదీ పుచ్చుకోకూడదని మీరే చెప్పారు కదా సార్ అంది. లక్కాయన ఛాతీ ఒక అంగుళం పెరిగింది. ఆ అమ్మాయి పొయ్యి చూసింది, నీళ్ళు చూసింది, చాకు అంచు వేలితో తడిమింది, గిన్నెలు బోర్లించి చూసింది. సర్ది పెట్టిన ఇరవై రెండు డబ్బాల్లో ఒకదాని మూత తీసి తల ఊపింది. అక్కడిదాకా ఒక్క లోపం లేదు. వెనకే నడుస్తున్న భార్య మొహంలో మెల్లగా వెలుగొస్తోంది. సాక్షిగా వచ్చిన మరదలు గడపలో కుర్చీ వేసుకుని, మా అక్క వంటింట్లో ఈగ కూడా చెప్పులు విడిచి వస్తుందమ్మా అని ఒక ముక్క అందించింది.

అప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ ఫ్రిజ్ తలుపు తీసింది.

 ముప్పై మూడు సీసాలు ఎర్ర టోపీలతో ఆ అమ్మాయిని చూస్తున్నాయి. ఆ అమ్మాయి వాటిని చూస్తోంది. ప్రశంస ఎక్కడినుంచి మొదలవుతుందో వినడానికి లక్కాయన మెడ ముందుకు చాచాడు.

ఆ అమ్మాయి ఫైలు తెరిచి రాయడం మొదలుపెట్టింది. అమ్మకానికి వండే పదార్థాలు నిలవచేసే ఫ్రిజ్‌లో చెడిపోయిన పదార్థాలు, ముప్పై మూడు. తలెత్తకుండానే చెప్పింది, దరఖాస్తు తిరస్కరించాల్సి వస్తుందని, మళ్ళీ మూడు నెలల తరవాతే పెట్టుకోవాలని. లక్కాయన అవి పదార్థాలు కావని, సాక్ష్యాలని, సీలు వేసి ఉన్నాయని, రంగు కూడా రాసి ఉందని గడగడా చెప్పాడు. సీలు లోపల ఉన్నది బూజే కదా సార్ అంది ఆ అమ్మాయి. ఆ గొంతు ఆయనదే. సరిగ్గా అదే గొంతుతో ఆయన ఎంతమందికి ఆ మాట చెప్పాడో లెక్కలేదు. తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఏమిటో ఆయనకు అరవై నాలుగో ఏట తెలిసింది.

భార్య వైపు చూశాడు. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది. ఆవిడ వెళ్ళి ఇరవై రెండు డబ్బాల మూతలూ మళ్ళీ ఒకసారి నొక్కి చూసుకుంటోంది, అవన్నీ బిగించే ఉన్నా. ఆయనకు సిగ్గేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని వంటిళ్ళు మూయించాడో, ఆ వంటిళ్ళ ఆడవాళ్ళు అప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకున్నారో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఈరోజు చూశాడు.

"ఇంకో దారేమీ లేదా అమ్మా?" అన్నాడు. రాయితీ అడగడం ఆయనకు అదే మొదలు. 

దారి ఉందట. లోపానికి కారణమేమిటో ఇప్పుడే తేల్చి, నివారణ రాసి, ఫ్రిజ్ శుభ్రం చేసి చూపిస్తే అదేరోజు మళ్ళీ తనిఖీ చెయ్యొచ్చట. ఆ నియమం పెట్టించింది కూడా తమరేనని ఆ అమ్మాయి గుర్తుచేసింది. అయితే కారణం సరిగ్గా ఉండాలి, ఊరికే అజాగ్రత్త అని రాస్తే కుదరదు.

లక్కాయన తన చిత్తుప్రతిని జేబులోనే నలిపేశాడు. ఇన్‌స్పెక్టరమ్మ సీసాలు ఒక్కొక్కటే తీసి లేబుళ్ళు చదివింది. పదార్థం ఉంది, రంగు ఉంది, వాసన ఉంది, తేదీ ఉంది. అన్నీ చదివి, ఇందులో ఒక గడి తక్కువైంది సార్ అని, భార్య వైపు తిరిగి అడిగింది.

"ఇవి ఎవరి కోసం తీసిపెట్టారమ్మా?"

ఆవిడ చీర కొంగుకు చేతులు తుడుచుకుంది. చెప్పాలా వద్దా అని ఒకసారి మొగుడి వైపు చూసింది. తరవాత ఒక్కొక్క సీసాకీ జవాబు చెప్పింది. గుమ్మడికాయ కూర ఆయన కోసం. ఆ రోజు ఏడింటికి వచ్చి ఆకలి లేదన్నారు, పక్కన పెట్టు, పొద్దున తింటానన్నారు. టమాటా సూపు కూడా ఆయనకే, కడుపు ఉబ్బరంగా ఉందంటే తేలిగ్గా ఉంటుందని కాచింది. చేపల కూర ఆయన పుట్టినరోజుది. తోక దగ్గర ముక్క ఇష్టమని అదొక్కటే తీసిపెట్టింది. గుడ్లు ఆయనవే. రొట్టె ఆయనదే. ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు, ఇరవై రెండు డబ్బాల్లో ఏది ఎవరిదో చెప్పినట్టే చెప్పింది.

కేసు నంబరు ఎనిమిది, ఎర్రటి జామ్ దగ్గర ఆవిడ ఆగింది. ఇది ఎవరిదో తనకు తెలియదంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు గడపలో కుర్చీ కిర్రుమంది. డాక్టరు తీపి తినొద్దన్నాడని, తన ఫ్రిజ్‌లో పెడితే మొగుడికి దొరుకుతుందని, అందుకే అక్క ఫ్రిజ్‌లో వెనగ్గా దాచానని మరదలు ఒప్పుకుంది. తన నేరానికి తనే మూడు సీసాల మీద సాక్షి సంతకం పెట్టిందన్నమాట. చదవకుండా సంతకాలు పెట్టకూడదని దీనివల్ల తెలుస్తోంది బావగారూ అని కూడా అంది.

జామ్ పోను మిగిలినవి పది. పదీ లక్కాయనవే. ఆయన లెక్క మూడుసార్లు చూసుకున్నాడు. నేరస్తుడి కోసం మూడు నెలలుగా ఇల్లంతా గాలించాడు, అద్దంలో మాత్రం చూసుకోలేదు. సరే, ఈయనకు రోజూ ఏడింటికి ఆకలి ఎందుకు ఉండటం లేదు అనేది మిగిలింది. భార్యకు అది నిజంగా తెలియదు. వయసు పైబడి ఆకలి చచ్చిపోయిందనుకుని రెండుసార్లు డాక్టరు దగ్గరికి పదమని పోరింది కూడా. ఇన్‌స్పెక్టరమ్మకు తెలుసు. క్రితం వారం పార్కు గేటు దగ్గర బండి తనిఖీకి వెళ్ళినప్పుడు, బెంచీ మీద ఒక పెద్దాయన గబుక్కున వీపు తిప్పేసుకుని, పొట్లం చొక్కాలో దూర్చుకోవడం ఆ అమ్మాయి చూసింది. నూనె మరక చొక్కా మీద పెద్దదవుతూ ఉంటే, చూడనట్టు వెళ్ళిపోయింది. ఇప్పుడు కూడా కాగితం వైపే చూస్తూ కూర్చుంది.

తేలు కుట్టిన దొంగలా ఎంతసేపని నిలబడతాడు? లక్కాయన చెప్పేశాడు. బండి సంగతి, బంగాళాదుంపల సంగతి, పరీక్ష సంగతి. రోజూ ఎంత పొట్లమో చేత్తో చూపించబోయి, కొలత కొంచెం తగ్గించి, మళ్ళీ మనసొప్పక సరైన కొలతే చూపించాడు. మరదలు ఆ కొలత చూసి కళ్ళు తేలేసింది.  ముప్పై ఒక్క ఏళ్ళు బయట మంచినీళ్ళు తాగని మనిషి కదా అంది భార్య. అది ఎవరితో అందో తెలియలేదు.

ఫారం మీద మూడు గడులున్నాయి. లోపం, కారణం, నివారణ. మొదటిది నిండింది. రెండోదాని దగ్గర ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆగిపోయింది. ఎంత రూలైనా గురువుగారు గురువుగారే. లక్కాయన చెయ్యి చాచి కలం తీసుకున్నాడు. తన గుండ్రటి ఆఫీసు అక్షరాలతో కారణం గడిలో రాశాడు: భర్త.

"అక్కడ అలవాటు పేరు రాయాలి సార్, మనిషిని రాయకూడదు" అంది ఆ అమ్మాయి మెల్లగా.

ఆయన దానికి ముందు ఇంకో ముక్క చేర్చాడు. ఇంటికి వచ్చి ఆకలి లేదని చెప్పే భర్త. కింద సంతకం పెట్టాడు. జీవితంలో ఆయన రాసిన అన్ని నివేదికల్లోకీ అదే చిన్నది. నివారణ గడి భార్యను అడిగి నింపారు. ఆవిడ ఎక్కువ ఆలోచించలేదు. తినేట్టయితే వండుతాను, తిననట్టయితే నాలుగింటికల్లా చెప్పాలి అంది. ఇన్‌స్పెక్టరమ్మ అది అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

ఆ మధ్యాహ్నం డబ్బాలు వెళ్ళిపోయాక లక్కాయన పంచె ఎగగట్టి పనిలో దిగాడు. సీలు వేసిన సీసాను వేసినవాడే స్వయంగా, సాక్షి ఎదుట నాశనం చెయ్యాలి. ఒక్కొక్క సీసాకీ నంబరు చదవడం, ముద్ర పగలగొట్టడం, మూత తియ్యడం, మొహం పక్కకు తిప్పడం, పెరట్లో తవ్విన గోతిలో పొయ్యడం. మరదలు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని లెక్కపెట్టింది. పన్నెండో సీసాకు ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇరవయ్యో సీసాకు వీధి కుక్క వచ్చి చూసి వెళ్ళిపోయింది. జామ్ సీసాలు మూడింటికీ మరదలు ఒక నిమిషం మౌనం పాటించింది. తరవాత ఫ్రిజ్ అరలన్నీ ఊడదీసి సబ్బునీళ్ళతో తోమాడు, తలుపు రబ్బరు మడతల్లో పాత టూత్‌బ్రష్ పెట్టి గీకాడు, వెనక వైపు ప్లేటు కూడా వదల్లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ అంతా గెలిచేసి, ఇంటికి ఇప్పుడొచ్చాడు.

నాలుగింటికి ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఫ్రిజ్ తలుపు తీసి, రబ్బరు మడతలో తెల్లగుడ్డ పెట్టి లాగి, గుడ్డను వెలుతురులో చూసింది. మడిచి జేబులో పెట్టుకుంది. ఫారం మీద నంబరు వేసి, ముద్ర కొట్టి, రెండు చేతులతో భార్యకు అందించింది. ఆవిడ ఆ కాగితాన్ని చదవలేదు, ఎదురుగా పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. మరదలు ఈసారి పై నుంచి కిందిదాకా మొత్తం చదివి మరీ సంతకం పెట్టింది.

సాయంత్రం లక్కాయన పార్కుకు వెళ్ళలేదు. ఏడింటికి బల్ల దగ్గర కూర్చున్నాడు. పొద్దున్నించి ఏమీ తినలేదు, పైగా ఫ్రిజ్ మోసి తోమాడు, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. కంచం ఎదురుగా పెట్టుకుని చూశాడు. వంటింట్లో గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. తనిఖీ కంగారులో ఆవిడ డబ్బాలకు మాత్రమే వండింది. ఆయన తింటాడని ఆవిడ అనుకోలేదు. ఫ్రిజ్ తెరిచి చూపించింది. లోపల రెండు గుడ్లు, పాల ప్యాకెట్టు, బల్బు వెలుతురు తప్ప ఏమీ లేవు.

ఆవిడ పెనం పెట్టి ఒక గుడ్డు కొట్టింది. వీపు ఇటు పెట్టుకునే మాట్లాడింది.

"పారెయ్యడం తెలియక దాచలేదండీ అవన్నీ. రోజూ గిన్నె చేతిలోకి తీసుకునేదాన్ని, పారేద్దామనే. పారేస్తే మీరింక ఇంట్లో తినరని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని వెనక్కి నెట్టేసేదాన్ని."

 లక్కాయన ఏదో అనాలనుకున్నాడు. ఆయనకు చేతనైన మెచ్చుకోలు లోపమేమీ లేదన్న ఒక్క మాటే, అది ఈరోజు ఆయన నోటివెంట వచ్చే మాట కాదు. ఆవిడ కంచంలో గుడ్డు వేసింది. అంచుల్లో కొంచెం మాడింది. ఆయన గబగబా తినేసి, కంచం మళ్ళీ ముందుకు జరిపాడు.

"ఇంకోటి ఉందిగా, అది కూడా వెయ్యి" అన్నాడు.

ఆవిడ రెండో గుడ్డు కొట్టి, పెనంలోనే రెండు ముక్కలు చేసి, తన కంచం కూడా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.